కథకు కాపు కాసినవాడు

ఒక నాటకం మన గుండెను కుదిపేసినప్పుడు ముందు నటుల పేర్లు అడుగుతాం. తర్వాత దర్శకుడెవరని అడుగుతాం. కాస్త ఓపిక ఉన్నవాళ్లు రచయిత పేరూ కనుక్కుంటారు. ఆ కథను చెప్పి తీరాలని పట్టుబట్టిందెవరు, ఆపాలని చూసినవాళ్లకు అడ్డంగా నిలబడిందెవరు అని మాత్రం ఎవరూ అడగరు. సామాన్యుల బతుకును ఉన్నదున్నట్టు చూపే టెలివిజన్ నాటకాల విషయంలో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఈ ప్రశ్నేనని నా నమ్మకం. అలాంటి కథలు రాయగలవాళ్లు ప్రతి కాలంలోనూ ఉంటారు. తీయగలవాళ్లూ ఉంటారు. ఆ కథను ఇంటింటి తెర దాకా నడిపించుకొచ్చే మనిషి మాత్రం ఎప్పుడో గాని దొరకడు.

టోనీ గార్నెట్ అలా దొరికిన మనిషి. 1936లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కార్మిక కుటుంబంలో పుట్టాడు. లండన్‌లో మనస్తత్వశాస్త్రం చదివాడు, కొన్నాళ్లు నటించాడు, ఆ పైన నటన వదిలేసి బీబీసీ నాటక విభాగంలో చేరాడు. 2020 జనవరిలో కన్నుమూశాడు. 'కేథీ కమ్ హోమ్' అన్నా, 'కెస్' అన్నా అందరికీ దర్శకుడు కెన్ లోచ్ గుర్తొస్తాడు. రావలసిందే, లోచ్ అంతటివాడు. ఆ రెండింటికీ నిర్మాత గార్నెట్. లోచ్ లేని చోట కూడా, వేరే దర్శకులతో, వేరే రచయితలతో, వేరే దశాబ్దాల్లో గార్నెట్ పేరున్న నాటకాలన్నీ ఒకే తోవలో నడిచాయి. అది చూసినప్పుడు ఈ మనిషి చేసిన పని ఏమిటో తెలుసుకోవాలనిపించింది నాకు.

నిర్మాత అనగానే మనకు పెట్టుబడి పెట్టి, లాభనష్టాలు మోసే మనిషి మనసులో మెదులుతాడు. బీబీసీ నాటకాలకు గార్నెట్ తన జేబులోంచి తీసి పెట్టిందేమీ లేదు. డబ్బు బీబీసీది, అంటే లైసెన్సు రుసుము కట్టే ప్రజలది. ఆయన పెట్టుబడి వేరు. ఆ సంగతి అర్థం కావాలంటే ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో కాస్త చెప్పుకోవాలి. 1960ల మొదట్లో సిడ్నీ న్యూమన్ అనే కెనడా దేశస్థుడు బీబీసీ నాటక విభాగానికి అధిపతిగా వచ్చాడు. అంతకుముందు అక్కడ నిర్మాణం, దర్శకత్వం ఒక్కరి చేతిలోనే ఉండేవి. న్యూమన్ ఆ పనిని ముగ్గురికి పంచాడు. రచయితల్ని వెదికి, కథల్ని తెచ్చి, వారితో కూర్చుని దిద్దేది స్టోరీ ఎడిటర్. తీసేది దర్శకుడు. ఏ కథ చెప్పాలో తేల్చి, దానికి మొదటి నుంచి చివరి దాకా జవాబుదారీ వహించేది ప్రొడ్యూసర్. పాత రంగస్థల నాటకాలను తెచ్చి కెమెరా ముందు ఆడించడం కాక, ఇవాళ్టి బ్రిటన్ ఇవాళ్టి తెర మీద కనపడాలన్నది న్యూమన్ పట్టుదల. అందుకోసం 1964లో 'ది వెడ్నెస్‌డే ప్లే' మొదలైంది. వారానికో కొత్త నాటకం. గార్నెట్ అందులో స్టోరీ ఎడిటర్‌గా చేరాడు.

1965లో ఆ వరసలోనే 'అప్ ది జంక్షన్' వచ్చింది. దాని మూలకథలు రాసిన నెల్ డన్ సంపన్నుల బిడ్డ. ఆ వైభవం వదిలి, దక్షిణ లండన్‌లోని బ్యాటర్‌సీ అనే కార్మికవాడకు మకాం మార్చి, అక్కడి ఆడపిల్లల మాటలు వింటూ కథలు రాసింది. వాటిలో చట్టానికి చాటుగా గర్భం తీయించుకునే అమ్మాయి కథ ఉంది. అప్పటికి బ్రిటన్‌లో గర్భస్రావం నేరం. ఆ సీరీస్ ప్రొడ్యూసర్ జేమ్స్ మెక్‌టాగర్ట్ సెలవు మీద ఉన్న సమయంలో గార్నెట్, లోచ్ కలిసి ఆ నాటకాన్ని ముందుకు నడిపించేశారు. తిరిగొచ్చిన మెక్‌టాగర్ట్‌కు అది నచ్చలేదు, ఆపేద్దామనుకున్నాడు. ఆ ఇద్దరిలోని ఆవేశం చూసి, చివరికి కానివ్వమన్నాడు. తనకు నచ్చనిదాన్ని, తన పేరు కింద, తన ఉద్యోగం పణంగా పెట్టి కానిచ్చిన ఆ మెక్‌టాగర్ట్‌ను తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. ప్రొడ్యూసర్ గొప్పదనం కొన్నిసార్లు తన అభిరుచిని పక్కన పెట్టడంలోనే ఉంటుంది.

ఆ నాటకంలో అమ్మాయి నొప్పితో కేకలు పెడుతుండగా ఒక డాక్టరు గొంతు వినిపిస్తుంది. ఇలాంటి చాటుమాటు పద్ధతుల వల్ల ఎంతమంది ఆడవాళ్ల ప్రాణాలు పోతున్నాయో మామూలు గొంతుతో చెబుతుంది. కల్పన మధ్యలో వాస్తవాన్ని అలా నిలబెట్టడం అప్పటి ప్రేక్షకులకు కొత్త. గర్భస్రావ చట్టం 1967లో వచ్చింది. ఒక్క నాటకమే ఆ చట్టం తెచ్చిందని అనడం అతిశయోక్తి. పార్లమెంటులో వాదనలు సాగిన రోజుల్లో లక్షలాది ఇళ్లలో ఆ కేకలు మెదులుతున్నాయని మాత్రం అనవచ్చు.

ఆ దృశ్యం కోసం గార్నెట్ ఎందుకు అంత పట్టుబట్టాడో చాలా ఏళ్ల దాకా బయటివాళ్లకు తెలియదు. ఆయనకు అయిదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. చాటుగా చేయించుకున్న గర్భస్రావం వికటించి చనిపోయింది. పందొమ్మిది రోజులకు తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. పిన్ని, బాబాయి వరసవాళ్లు ఆ పిల్లవాణ్ని పెంచారు. దశాబ్దాల తరబడి ఆ సంగతిని గుండెలో దాచుకుని, 2016లో వచ్చిన తన ఆత్మకథలో బయటపెట్టాడు. అది తెలిశాక 'అప్ ది జంక్షన్' నాకు వేరేగా కనపడింది. ఆ మనిషి తన తల్లి కథ తానే రాసుకుని, తన పేరుతో, తన బాధగా లోకానికి చెప్పుకోవచ్చు. నిండు సానుభూతి దక్కేది. అలా చేయలేదు. వేరొక స్త్రీ రాసిన కథకు, వేరొక దర్శకుడి చూపుకు, ఊరూ పేరూ లేని ఎందరో ఆడవాళ్ల నొప్పికి దారి ఇచ్చి, తాను తప్పుకున్నాడు. క్రియేటివ్ ప్రొడ్యూసర్ అనే మాటలో ఆ మొదటి పదానికి నాకు తెలిసిన అర్థం ఇదే. సొంత గాయం ఆయనకు ఏ కథ నిజమో చెప్పింది. ఆ కథ మాత్రం తనది కానక్కర్లేదు.

మరుసటి ఏడు గార్నెట్ ప్రొడ్యూసర్ అయ్యాడు. 1966 నవంబరు 16న 'కేథీ కమ్ హోమ్' ప్రసారమైంది. జెరెమీ శాండ్‌ఫర్డ్ అనే పాత్రికేయుడు ఇళ్లు లేని కుటుంబాల వెంట తిరిగి సేకరించిన నిజాల మీద అల్లిన కథ అది. అంతకుముందు తిరస్కరణ చూసిన కథ కూడా. పెళ్లయి, పిల్లలు కలిగి, మొగుడికి ప్రమాదం జరిగి సంపాదన పడిపోతే, ఒక మామూలు కుటుంబం అద్దె ఇంటి నుంచి ఇరుకు గదికి, అక్కడి నుంచి కారవాన్‌కు, ఆశ్రయ కేంద్రానికి మెట్టు మెట్టుగా జారిపోతుంది. ఆ రోజుల్లో ఆశ్రయ కేంద్రాల్లో మగవాళ్లను ఉండనిచ్చేవారు కాదు. చివరికి రైల్వే స్టేషన్‌లో అధికారులు వచ్చి కేథీ ఒడిలోని పిల్లల్ని లాక్కుపోతారు. కేథీగా వేసిన కరోల్ వైట్ పక్కన ఉన్నది ఆమె సొంత పిల్లలే. దాదాపు కోటి ఇరవై లక్షల మంది చూశారు.

ఇందులో ప్రొడ్యూసర్ పని ఏముంది అంటే, మనం కళ్లతో చూసే ప్రతి అంగుళంలోనూ ఉంది. ఆ రోజుల్లో టెలివిజన్ నాటకమంటే స్టూడియోలో కట్టిన సెట్లు, వరసగా నిలబెట్టిన బరువైన కెమెరాలు, గిరి గీసి నిలబెట్టిన నటులు. తలుపు వేస్తే గోడ ఊగేది. గోడ ఊగితే ఆ గోడల మధ్య బీదరికమూ వేషమేనని తెలిసిపోతుంది. వార్తలకు, డాక్యుమెంటరీలకు వాడే తేలికపాటి 16 ఎంఎం కెమెరా భుజాన వేసుకుని వీధిలోకి వెళ్లాలని గార్నెట్ పోరాడాడు. సాంకేతిక విభాగాలకు ఇష్టం లేదు, లెక్కలు చూసేవాళ్లకూ ఇష్టం లేదు, స్టూడియో వాడకం గురించి యూనియన్‌తో ఒప్పందాలూ ఉన్నాయి. 'కేథీ'లో కొన్ని నిమిషాల భాగం స్టూడియోలో తీయక తప్పలేదు కూడా. మిగతాదంతా నిజమైన వీధుల్లో, నిజమైన జనం మధ్య తీశారు. ఏ కెమెరా వాడాలన్నది సాంకేతిక విషయంగా పైకి కనపడుతుంది. లోతుకు వెళితే అది ఎవరి ప్రపంచంలోకి మనం నడిచి వెళ్లాలన్న నిర్ణయం. ఆ నిర్ణయం కోసం కమిటీల్లో కూర్చుని వాదించి, కాగితాల మీద సంతకాలు తెచ్చుకునే చాకిరీ దర్శకుడికి తీరేది కాదు. అది ప్రొడ్యూసర్ చాకిరీ.

రచయితల విషయంలో ఆయన పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. పేరున్న రచయితకు కబురు పెట్టి పేదల మీద ఏదన్నా రాయమని అడిగేవాడు కాదు. ఆ బతుకు బతికినవాళ్లను వెదికేవాడు. జిమ్ అలెన్ మాంచెస్టర్ మనిషి. గనుల్లో, రేవుల్లో, కట్టడాల దగ్గర ఒళ్లొంచి పనిచేసినవాడు, నిఖార్సయిన సోషలిస్టు. ఆయన చేత గార్నెట్ భవన నిర్మాణ కూలీల మీద 'ది లంప్' రాయించాడు. ఆ తర్వాత లివర్‌పూల్ రేవు కార్మికులు రేవును తామే స్వాధీనం చేసుకుని నడపడం గురించి 'ది బిగ్ ఫ్లేమ్' రాయించాడు. గని కార్మికుడి కొడుకు, బార్న్‌స్లీ ప్రాంతపు వ్యాయామ ఉపాధ్యాయుడు బారీ హైన్స్ రాసిన మొదటి నవల చదివి, టెలివిజన్‌కు ఒక నాటకం రాయమని అడిగాడు. కొత్త రచయితకు అది పెద్ద అవకాశం. హైన్స్ మాత్రం, ముందు ఒక పుస్తకం పూర్తి చేయాలి, ఇప్పుడు కుదరదన్నాడు. గార్నెట్ నొచ్చుకోలేదు, తొందరపెట్టలేదు. పుస్తకం అయ్యాక చదవనివ్వమన్నాడు. ఆ పుస్తకమే ఒక గనుల ఊరి కుర్రాడు డేగను పెంచుకునే కథ. అదే 1969లో 'కెస్' సినిమా అయింది. రచయిత కాదన్నప్పుడు ఆ కాదనడంలోని నిజాయితీని గౌరవించి ఓపిక పట్టడం కూడా సృజనేనని నాకనిపిస్తుంది. చాలా ఏళ్ల తర్వాత, 1990లలో, ఆస్పత్రుల మీద సీరియల్ తలపెట్టినప్పుడు ఆయన సంస్థ రచయితల కోసం వైద్యుల పత్రికలో ప్రకటన ఇచ్చింది. దానికి స్పందించిన ఒక జూనియర్ డాక్టర్ మారుపేరుతో 'కార్డియాక్ అరెస్ట్' రాశాడు. ఆయనే జెడ్ మెర్క్యూరియో, తర్వాతి కాలంలో 'లైన్ ఆఫ్ డ్యూటీ' రాసినవాడు.

ఇక కాపు కాయడం. పంట చేతికొచ్చే వేళ మంచె ఎక్కి రాత్రంతా మేలుకునే రైతులా ఉంటుంది ప్రొడ్యూసర్ పరిస్థితి. విత్తనం రచయితది, సేద్యం దర్శకుడిది, పంట మీదికి వచ్చే పందుల్ని అదిలించే పని మాత్రం ఈయనది. 1970లలో బీబీసీలో కొన్ని ఉద్యోగాలకు ఎంపికైనవారి రాజకీయాల గురించి గూఢచారి విభాగం ఎంఐ5 చేత చాటుగా విచారణ జరిపించే పద్ధతి ఉండేది. జిమ్ అలెన్ రాసిన 'ది స్పాంజర్స్'కు దర్శకుడిగా రోలాండ్ జోఫేను గార్నెట్ ఎంచుకుంటే, ఆ విచారణ పేరు చెప్పి పైవాళ్లు అడ్డుపెట్టారు. ఈ సంగతి బయటపెడతానని గార్నెట్ మొండికేశాడు. వాళ్లే వెనక్కి తగ్గారు. 1978లో ఆ నాటకం వచ్చింది. రాణి గద్దెనెక్కి పాతికేళ్లయిన సంబరాలు ఊరంతా సాగుతుండగా, నలుగురు పిల్లల తల్లి ఒకామె ప్రభుత్వ ఖర్చుల కోత కింద నలిగిపోవడం అందులో కథ. దానికి ప్రి ఇటాలియా పురస్కారం దక్కింది. జోఫే ఆ తర్వాత 'ది కిల్లింగ్ ఫీల్డ్స్' తీశాడు. ఒక మనిషి తన ఉద్యోగం పోయినా సరే అనుకోకపోతే ఆ నాటకం మరో చేతిలో, మరో తీరుగా ఉండేది. అదే ఏడు గార్నెట్ నిర్మాణంలోనే జి.ఎఫ్. న్యూమన్ రాసిన 'లా అండ్ ఆర్డర్' నాలుగు భాగాలుగా వచ్చింది. డిటెక్టివ్, నేరస్థుడు, లాయరు, ఖైదీ, ఒక్కొక్కరి వైపు నుంచి ఒక్కో భాగం. పోలీసుల అవినీతిని మామూలు దినచర్యలా చూపించింది. పోలీసు వర్గాలు, జైలు సిబ్బంది మండిపడ్డారు. ఆ దాడినంతా ముందు నిలబడి కాచుకోవలసిందీ ప్రొడ్యూసరే.

డబ్బు లెక్కల్లోనూ సృజన ఉంటుందని చెప్పడానికి వేరొకాయన ఉదాహరణ చెబుతాను. మైకేల్ వేరింగ్ బర్మింగ్‌హామ్‌లోని బీబీసీ పెబుల్ మిల్ కేంద్రంలో ప్రొడ్యూసర్. అలన్ బ్లీస్‌డేల్ రాసిన 'బాయ్స్ ఫ్రమ్ ది బ్లాక్‌స్టఫ్' 1982లో ఆయన నిర్మాణంలో వచ్చింది. లివర్‌పూల్‌లో రోడ్లకు తారు పోసే కూలీలు పని పోగొట్టుకుని ఎలా కుంగిపోతారో అయిదు భాగాల్లో చూపింది. బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటిన కాలం అది. అయిదు భాగాలూ ఫిల్ము మీద తీసే స్తోమత లేదు. నాలుగు భాగాలు వీడియో మీద తీసి, యాసర్ అనే మనిషి మతి చలించే భాగాన్ని మాత్రం ఫిల్ము మీద తీశారు. ఉన్న కొద్ది డబ్బును ఎక్కడ నొప్పి ఎక్కువగా ఉందో అక్కడ పెట్టారు. చేతిలో ఉన్నది తక్కువైనప్పుడు దేన్ని వదులుకోకూడదో తెలిసి ఉండటమే ఈ ఉద్యోగంలో అసలు విద్య.

ఇంత చెప్పాక ఒక కఠినమైన సంగతీ చెప్పాలి. ఈ నాటకాలు లోకాన్ని మార్చేశాయా? 'కేథీ' ప్రసారమైన రెండు వారాలకు షెల్టర్ అనే సేవాసంస్థ మొదలైంది. అది ముందే అనుకున్న పని, నాటకం దానికి పెద్ద ఊపు ఇచ్చింది. తండ్రుల్ని కుటుంబాలతో కలిపి ఉంచాలన్న మార్పు కొన్ని ఆశ్రయ కేంద్రాల్లో వచ్చింది. ఇళ్లు లేనివారికి చట్టబద్ధమైన హక్కు రావడానికి మాత్రం 1977 దాకా ఆగాల్సి వచ్చింది. భూమి ఎవరి చేతిలో ఉంది, ఇళ్ల వ్యాపారం ఎవరికి లాభం అన్న ప్రశ్నల జోలికి తమ నాటకం వెళ్లలేదని లోచే తర్వాత అన్నాడు. కన్నీళ్లు వస్తాయి, ఆరిపోతాయి. గార్నెట్, లోచ్ ఇద్దరూ అక్కడ ఆగలేదు. ఒక కుటుంబం బాధ నుంచి ఆ బాధకు మూలం దాకా ప్రయాణించారు. 'ది బిగ్ ఫ్లేమ్', 1975లో వచ్చిన 'డేస్ ఆఫ్ హోప్' ఆ ప్రయాణంలోవే. ఒకసారి పేరొచ్చిన కన్నీటి కథనే మళ్లీ మళ్లీ తిప్పి చెప్పడం ఎంత సులువో మనకు తెలుసు. అలా చెప్పకుండా ముందుకు నెట్టేది కూడా ప్రొడ్యూసర్ మనస్సాక్షే.

మనకు ఈ సంప్రదాయం లేదని నేననను. 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసిన గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడే కాదు, ఆ కథలకు కాపు కాసినవాడు కూడా. చల్లపల్లి రాజా అండతో నడిచిన సారథి ఫిలిమ్స్ నుంచి జమీందారీ దోపిడీ మీద సినిమా రావడమంటే, ఆ వెనక ఎంత ఒప్పించడం, ఎంత నిబ్బరం ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. దూరదర్శన్‌లో 1984లో 'హమ్ లోగ్' వచ్చినప్పుడు మధ్యతరగతి బతుకు జాతీయ తెర మీదికి వచ్చింది. 1988లో దేశవిభజన మీద గోవింద్ నిహలానీ తీసిన 'తమస్'ను ఆపాలని కోర్టుకెక్కితే, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు దాన్ని స్వయంగా చూసి ప్రసారం చేయవచ్చన్నారు. సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. నిజం చెప్పే నాటకానికి మన దేశంలోనూ కాపలాదారులున్నారు.

ఇవాళ మన తెలుగు ఛానెళ్లలో సాయంత్రం నుంచి రాత్రి దాకా సీరియళ్లు నడుస్తూనే ఉంటాయి. వాటిలో పనిచేసేవాళ్ల శ్రమను నేను తక్కువ చేయను. రోజుకో ఎపిసోడ్ అందించడం మాటలు కాదు. బాధ ఏమిటంటే, వారం వారం వచ్చే టీఆర్పీని చూసి కథ మలుపు తిరుగుతుంది. ఆ అంకెకు ఎదురు నిలబడి, ఈ కథకు ఇంకాస్త సమయం ఇవ్వండి అనగల అధికారం ఉన్న మనిషి కనపడడు. ఉద్దానంలో కిడ్నీలు పాడై ఊళ్లకు ఊళ్లు మంచాన పడుతున్నాయి. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు ఈదుతున్నారు, మగవాళ్లు గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు గడిపేస్తున్నారు. కౌలు రైతు పేరు చాలాసార్లు ఏ కాగితం మీదా ఉండదు. హైదరాబాద్ ఎండలో బైకు మీద పొట్లాలు మోసే కుర్రాడికి సెలవు దొరకదు. వీళ్ల గురించి మన కథకులు రాస్తూనే ఉన్నారు, కథాసంకలనాలు ఏటేటా వస్తున్నాయి. రచయితల కొరత లేదు. కెమెరాలు ఇప్పుడు చేతిలో ఇమిడిపోతున్నాయి. గార్నెట్ 16 ఎంఎం కోసం పడిన పాట్లు ఇవాళ పడనక్కర్లేదు. కరువైంది ఆ మధ్యలో నిలబడే మనిషి.

అలాంటి మనిషి నిలబడితే ఏమవుతుందో ఈ మధ్యే బ్రిటన్‌లో మళ్లీ రుజువైంది. అక్కడి పోస్టాఫీసుల కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లెక్కలు చూపడంతో, చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపే వందలాది మంది మీద దొంగతనం కేసులు పడ్డాయి. వారిలో భారత సంతతివారూ చాలామంది ఉన్నారు. పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. కోర్టు 2019లోనే బాధితుల పక్షాన తీర్పు చెప్పింది. అయినా దేశం కదలలేదు. 2024 జనవరిలో ఐటీవీ ఛానెల్ 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్' అనే నాలుగు భాగాల నాటకాన్ని ప్రసారం చేసింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం దిగివచ్చి, ఆ శిక్షల్ని గంపగుత్తగా రద్దు చేసే చట్టం తెస్తామంది. ఆ మే నెలలో తెచ్చింది. లెక్కల తప్పుల మీద నాటకం తీస్తే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు, చూస్తారు అని ముందుగా నమ్మినవాళ్లు కొందరు ఉండబట్టే అది తెర దాకా వచ్చింది.

ఆ నమ్మకమే క్రియేటివ్ ప్రొడ్యూసర్ పెట్టే పెట్టుబడి. మన ఛానెళ్లలో, ఓటీటీ సంస్థల్లో కథలు ఎంపిక చేసే కుర్చీల్లో ఇప్పుడు చదువుకున్న యువతీయువకులు కూర్చుంటున్నారు. వారిలో చాలామందికి తమ ఊరి నిజాలు తెలుసు. నేను వాళ్లను అడిగేది పెద్ద కోరిక కాదు. పది కథలు ఒప్పుకుంటే, వాటిలో తొమ్మిది అంకెల కోసం ఒప్పుకోండి. పదో కథ మాత్రం మీరు ఎదిగిన వీధిలోంచి ఎంచుకోండి. ఆ బతుకు తెలిసిన మనిషి చేత రాయించండి. పైనుంచి ఆపమన్న ఫోను వచ్చిన రోజున ఆ కథ పక్షాన నిలబడండి. మీ పేరు టైటిల్స్‌లో ఎవరూ చదవకపోవచ్చు. ఒక ఊరు తన ముఖాన్ని తెర మీద మొదటిసారి చూసుకున్నప్పుడు, ఆ చూపును సాధ్యం చేసింది మీరేనని మీకు తెలుస్తుంది. ఈ ఉద్యోగానికి అంతకు మించిన జీతం లేదు.